తేల్ వదిలి పానీ వెంట

పోయిన వారం ఇషా నమాజ్ తర్వాత ఆపా వాళ్ళింటికి వెళ్ళాను. భాంజా జుబైల్ నుంచి వచ్చి నెల దాటింది. దస్తర్‌ఖాన్ మీద ఖట్టీ దాల్, తలావా గోష్త్ ఉన్నాయి కానీ ఎవరి మొహంలోనూ కళ లేదు. నేను కూర్చున్నానో లేదో దుల్హే భాయ్ మొదలుపెట్టారు.

"మీ భాంజా సాబ్ ఏమంటున్నాడో విన్నారా మియా? తేల్ ఛోడ్‌కే పానీ కే పీఛే జాతూఁ బోల్‌రా."

సంగతి ఇది. వాడు ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. తొమ్మిదేళ్ళుగా గల్ఫ్‌లో రిఫైనరీల్లో, గ్యాస్ ప్లాంట్లలో పైపింగ్ ఇన్‌స్పెక్షన్ చేశాడు. పైపు గోడ ఎంత పలచబడింది, వెల్డింగ్‌లో పగులు ఉందా, ఇంకా ఎన్నేళ్ళు నడుస్తుంది, ఇవి చూడటం వాడి పేషా. ప్రాజెక్ట్ అయిపోయింది. కాంట్రాక్ట్ మళ్ళీ రాయలేదు. ఇప్పుడు సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంట్‌లో పని దొరికేలా ఉంది. మొదటి రెండేళ్ళు జీతం తక్కువ. తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. వాడికి ఇష్టమే. ఇంట్లోనే ఎవరికీ ఇష్టం లేదు.

"తొమ్మిదేళ్ళ తజుర్బా సముందర్‌లో కలిపేస్తాడట" అన్నారు దుల్హే భాయ్. ఆపా ఫికర్ వేరే. రిశ్తా మాట్లాడి పెట్టుకున్నారు. "లడ్కీవాలోఁ కు ఆయిల్ ఇంజనీర్ అని చెప్పాం. ఇప్పుడు నీళ్ళ ప్లాంట్ అని ఏ మొహంతో చెప్పాలి?" అంది. వాడు తల వంచుకుని అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. నేను ఇంజనీర్ని కాను. కాకపోతే ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీలో చేరిన రోజు ఇలాంటి మాటే నేనూ విన్నాను. అందుకే ఊరుకోబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి తేల్ తారీఖ్ తిరగేశాను. దుల్హే భాయ్ అనుకుంటున్నట్టు తేల్, పానీ రెండు వేరే దునియాలు కావని అర్థమైంది. అసలు సౌదీ తేల్ కహానీ నీళ్ళ కోసం వెతకడంతోనే మొదలైంది. మొదలుపెట్టినవాడు కూడా లైన్ మార్చిన ఇంజనీరే.

బాద్‌షా అడిగింది నీళ్ళు

1931 నాటి మాట. బాద్‌షా అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సఊద్ చేతిలో మక్కా, మదీనా, జిద్దా ఉన్నాయి కానీ ఖజానాలో సొమ్ము లేదు. అప్పట్లో ఆయనకు ఉన్న పెద్ద ఆమ్దనీ హాజీల రాకే. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది. హజ్‌కు వచ్చేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఆ పరిస్థితిలో చార్లెస్ క్రేన్ అనే అమెరికా దౌలత్‌మంద్ జిద్దాకు మెహమాన్‌గా వచ్చాడు. నీళ్ళు ఎక్కడైనా ఉన్నాయేమో వెతికించే బాధ్యత ఆయన తీసుకున్నాడు. తన ఖర్చు మీద కార్ల్ ట్విచెల్ అనే ఇంజనీర్‌ను పంపాడు.

ట్విచెల్ నీళ్ళ ఇంజనీర్ కాదు. గనుల ఇంజనీర్. అంతకుముందు క్రేన్ తరఫునే యెమెన్‌లో పనిచేశాడు. రాయిని చూసి దాని కింద ఏముందో అంచనా వేయడం అతని హునర్. ఆ హునర్‌తోనే హిజాజ్ అంతా తిరిగాడు. చివరికి బాద్‌షాకు చెప్పిన జవాబు ఒక్కటే. మీరు ఆశపడ్డట్టు పొంగే బావులు ఇక్కడ పడే అవకాశం లేదు.

బాద్‌షాకు ఇష్టంలేని మాట అది. ట్విచెల్ దాచకుండా చెప్పాడు. బాద్‌షా అతన్ని వెనక్కి పంపించెయ్యలేదు. తర్వాత అతను తూర్పు తీరం అల్-హసా వైపు వెళ్ళి అక్కడి భూమి చూశాడు. 1932లో పక్కనున్న బహ్రెయిన్‌లో తేల్ పడింది. అదే రకం భూమి ఇటువైపు కూడా ఉంది. సర్మాయా పెట్టేవాళ్ళను వెతికి తీసుకురమ్మని బాద్‌షా అతన్నే అడిగాడు. అమెరికాలో కొన్ని కంపెనీలు కాదన్నాక కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ ముందుకొచ్చింది. 1933 మే 29న జిద్దాలో ముఆహదా మీద సౌదీ తరఫున ఖజానా వజీర్ అబ్దుల్లా సులైమాన్ దస్తఖత్ పెట్టాడు. బేరం నడిచినన్నాళ్ళూ కంపెనీ లాయర్ పక్కన ట్విచెల్ ఉన్నాడు.

గనుల మనిషి రెండేళ్ళలో నీళ్ళ మనిషయ్యాడు, తేల్ మనిషయ్యాడు, బేరం మాట్లాడే మనిషీ అయ్యాడు. ఆ తర్వాత మదీనా ఇలాఖాలో మహ్ద్ అజ్-జహబ్ అనే ప్రాచీన బంగారు గనిని తిరిగి తెరిపించే పనిలోకి వెళ్ళి తన మొదటి పేషాకు చేరుకున్నాడు. నాలుగు పనుల్లోనూ వాడింది భూమిని చదివే ఒక్క ఇల్మే.

ఏడో బావి దగ్గర ముగ్గురు

కంపెనీ జియాలజిస్టులు 1933లో తూర్పు తీరంలో దిగారు. దమ్మామ్ దగ్గర గుట్ట మీద ఒకదాని తర్వాత ఒకటి బావులు తవ్వారు. మొదటి ఆరు బావుల్లో పెట్టిన డబ్బుకు తగ్గ తేల్ రాలేదు. అమెరికాలో పెద్దవాళ్ళు వెనక్కి తగ్గుదామా అన్న ఆలోచనలో పడ్డారు. అక్కడ చీఫ్ జియాలజిస్ట్‌గా ఉన్న మాక్స్ స్టైనెకి మాత్రం ఇంకా లోతుకు వెళ్ళాలన్నాడు. 1938 మార్చిలో ఏడో నంబర్ బావి సుమారు 1,440 మీటర్ల లోతున పలికింది. 1982 దాకా, అంటే 44 ఏళ్ళు, ఆ బావి తేల్ ఇచ్చింది. దానికి తర్వాత పెట్టిన పేరు బిఅర్ అల్-ఖైర్.

స్టైనెకి పక్కన ఇంకో ఇద్దరున్నారు. ఒకరు ఖమీస్ బిన్ రిమ్సాన్, అజ్మాన్ ఖబీలా బద్దూ. నక్షా, దిక్సూచి లేకుండా రేగిస్తాన్‌లో దారి చెప్పగలిగే మనిషి. ఒంటెల కారవాన్‌లకు పనికొచ్చిన ఇల్మ్ అది. అదే ఇల్మ్ జియాలజీ పార్టీకి దారి చూపింది. తర్వాత ఒక తేల్ క్షేత్రానికి ఆయన పేరే పెట్టారు. ఏ కాలేజీ మొహమూ చూడని మనిషి పేరు తేల్ నక్షా మీద నిలిచిపోయింది.

రెండోవారు టామ్ బార్గర్. నార్త్ డకోటాలో గనుల ఇంజనీరింగ్ చదివాడు. గనుల్లో పనిచేశాడు. అమెరికా మాంద్యం రోజుల్లో ఆ పేషాలో నిలకడైన నౌకరీలు కరువయ్యాయి. 1937లో జియాలజిస్ట్‌గా సౌదీకి వచ్చాడు. స్టైనెకి దగ్గర, ఖమీస్ దగ్గర శాగిర్దీ చేశాడు. బద్దూల మధ్య గుడారాల్లో ఉంటూ అరబ్బీ నేర్చుకున్నాడు. ఆ జబాన్ అతన్ని ఇంకో లైన్‌లోకి తీసుకెళ్ళింది. ప్రభుత్వంతో వ్యవహారాలు చూసే విభాగంలోకి మారాడు. 1959లో ఆరామ్‌కో ప్రెసిడెంట్ అయ్యాడు. గనుల్లో నౌకరీ నిలిచి ఉంటే బార్గర్ అరేబియా చూసేవాడే కాదేమో. లైన్ మార్చింది షౌక్‌తో కాదు, మజ్బూరీతో. మన పిల్లల్లో చాలామంది హాల్ కూడా ఇదే కదా.

నీళ్ళ ఇంజనీర్ కట్టిన లెక్క

ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పుకోవాలి. భూమి కింద తేల్ చెరువులా నిలిచి ఉండదు. స్పాంజిలో నీళ్ళున్నట్టు రాతి రంధ్రాల్లో ఉంటుంది. రాతిలోంచి అది ఎంత తేలిగ్గా కదులుతుందో కొలవడానికి వాడే యూనిట్ పేరు డార్సీ. ఏ పెట్రోలియం ఇంజనీర్‌ను అడిగినా ఈ పేరు చెబుతాడు.

ఆ డార్సీ తేల్ మనిషి కాదు. హెన్రీ డార్సీ ఫ్రాన్స్‌లో దిజోన్ షహర్‌కు మంచినీళ్ళు తెప్పించిన ఇంజనీర్. ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్ళు ఎంత వేగంగా పారుతాయో కొలిచి 1856లో లెక్క రాశాడు. నీళ్ళను వడకట్టే పనికి కావలసిన లెక్క అది. అమెరికాలో పెన్సిల్వేనియా తేల్ బావి పడింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1859లో. 1930లలో మోరిస్ మస్కట్ అనే ఫిజిక్స్ మనిషి ఒక ఆయిల్ కంపెనీలో చేరి ఆ నీళ్ళ లెక్కనే తేల్‌కు, గ్యాస్‌కు విస్తరించి పెద్ద కితాబ్ రాశాడు. ఈ రోజు రిజర్వాయర్ ఇంజనీరింగ్ అనే స్పెషాలిటీకి పునాది ఒక నీళ్ళ ఇంజనీర్ పని.

ఇంకా వెనక్కి పోతే మన ఇస్లామీ తారీఖ్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. వెయ్యేళ్ళ కింద బగ్దాద్‌లో అల్-కరజీ అనే పెద్ద గణితవేత్త ఉండేవాడు. అల్‌జబ్రాలో ఉస్తాద్. బీజగణితాన్ని రేఖాగణితం మీద ఆధారపడకుండా నిలబెట్టినవాళ్ళలో ఒకడిగా ఆయన పేరు చెబుతారు. అంతటి ఆలిమ్ తర్వాత బగ్దాద్ వదిలి పర్షియా కొండల వైపు వెళ్ళిపోయి, భూమిలో దాగిన నీళ్ళను బయటికి తీయడం గురించి కితాబ్ రాశాడు. ఖనాత్‌లు ఎలా తవ్వాలి, వాలు ఎలా కొలవాలి, దానికి ఏ పరికరాలు కావాలి, అన్నీ అందులో ఉన్నాయి. అల్‌జబ్రా వదిలి బావులు తవ్వుకుంటున్నాడని ఆ రోజుల్లో ఎవరైనా నవ్వారేమో. కానీ వాలు కొలిచే పనిలో ఆయనకు తోడొచ్చింది ఆ లెక్కలే.

ఆఫీస్ బాయ్, నీళ్ళ చదువు, తేల్ వజీర్

గల్ఫ్‌లో పనిచేసిన ప్రతి ఇంట్లో అలీ అల్-నయీమీ పేరు తెలుసు. 1995 నుంచి 2016 దాకా సౌదీ తేల్ వజీర్. ఆయన కహానీని అందరూ ఆఫీస్ బాయ్ వజీర్ అయ్యాడు అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మధ్యలో ఆయన ఎన్నిసార్లు లైన్ మార్చాడో ఎవరూ చెప్పరు. నాకు పనికొచ్చింది ఆ మధ్య భాగమే.

1935లో తూర్పు ఇలాఖాలో పుట్టాడు. బద్దూ ఖాందాన్. చిన్నతనం గుడారాల్లో, గొర్రెల వెనక గడిచింది. పెద్దన్న అబ్దుల్లా కంపెనీలో పనిచేసేవాడు. ఆయన ఇంతెఖాల్ అయ్యాక ఇంటి భారం పిల్లవాడి మీద పడింది. 1947లో, 12 ఏళ్ళ వయసులో ఆరామ్‌కోలో ఆఫీస్ బాయ్‌గా చేరాడు. పని చేసుకుంటూనే చదివాడు. తర్వాత కంపెనీ ఖర్చు మీద బేరూత్, అక్కడి నుంచి అమెరికా. 1962లో లీహై యూనివర్సిటీలో జియాలజీ డిగ్రీ. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్.

స్టాన్‌ఫర్డ్‌లో చదివింది ఏమిటనుకుంటున్నారు? హైడ్రాలజీ, దాంతోపాటు ఎకనామిక్ జియాలజీ. హైడ్రాలజీ అంటే నీళ్ళ ఇల్మ్. రేపటి తేల్ వజీర్ అమెరికా వెళ్ళి నీళ్ళ చదువు చదువుకొచ్చాడు. వచ్చాక నాలుగేళ్ళు హైడ్రాలజిస్ట్‌గా, జియాలజిస్ట్‌గా పనిచేశాడు. 1967లో ఎకనామిక్స్, పబ్లిక్ రిలేషన్స్ విభాగాలకు మారాడు. ఏసీ గది, టై, ఫైళ్ళు. 1969లో అది వదిలి అబ్కైక్ ప్రొడక్షన్‌లోకి వెళ్ళాడు. అబ్కైక్ అంటే బావుల నుంచి వచ్చిన పచ్చి తేల్‌లోంచి విషవాయువు, తేలిక గ్యాసులు తీసేసి జహాజ్‌కు ఎక్కించేలా తయారుచేసే చోటు. షిఫ్టులు, వేడి, వాసన, ప్రమాదం. స్టాన్‌ఫర్డ్ మాస్టర్స్ చేతిలో ఉన్న మనిషి, అప్పటికి 34 ఏళ్ళవాడు, ఏళ్ళ తరబడి ప్లాంట్లోనే ఉన్నవాళ్ళ మధ్య కొత్త శాగిర్ద్‌గా నిలబడ్డాడు.

ఆ నీళ్ళ చదువు వృథా పోయిందా? తేల్ తీసేకొద్దీ రాతిలో దబావ్ తగ్గిపోతుంది. దబావ్ తగ్గితే తేల్ పైకి రాదు. అందుకని క్షేత్రం అంచుల్లో నీళ్ళు లోపలికి పంపి తేల్‌ను బావుల వైపు నెడతారు. ప్రపంచంలో అతి పెద్దదైన గవార్ క్షేత్రం దాదాపు 280 కిలోమీటర్ల పొడవుంటుంది. అక్కడ ఇలా నీళ్ళు పంపడం 1960లలోనే మొదలైంది. 1970ల చివర్లో ఖురయ్యా దగ్గర సముద్రపు నీళ్ళు తోడి, వడకట్టి, అందులోని ఆక్సిజన్ తీసేసి, పైపుల్లో రేగిస్తాన్ దాటించి గవార్ కిందికి పంపడం మొదలుపెట్టారు. రోజుకు లక్షల బ్యారెళ్ళ నీళ్ళు. అదే దశకంలో, 1975లో, నయీమీ ఉత్పత్తి పనులు చూసే వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. రాతిలో నీళ్ళు ఎలా కదులుతాయో చదువుకున్న మనిషికి ఆ కుర్చీలో కూర్చున్నాక చదివింది పనికిరాకుండా ఉంటుందా?

1984లో ఆరామ్‌కోకు తొలి సౌదీ ప్రెసిడెంట్ అయ్యాడు. తర్వాతి సంగతి అందరికీ తెలుసు.

ఆయన్ని నేను ఫరిష్తాగా చూపించడం లేదు. 2014 నవంబర్ 27న వియన్నాలో ఒపెక్ బైఠక్ జరిగింది. అమెరికా షేల్ తేల్ మార్కెట్‌ను ముంచెత్తుతున్నా ఉత్పత్తి తగ్గించేది లేదన్నది సౌదీ మాట. ఆ మాట చెప్పిన వజీర్ నయీమీయే. ఆ జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరిలో 30 కంటే కిందికి పడింది. ప్రాజెక్టులు ఆగిపోయాయి. మన ఇళ్ళకు బ్యాగులు సర్దుకుని తిరిగొచ్చిన పిల్లల నౌకరీలు పోవడంలో ఆ ఫైస్లాకూ హిస్సా ఉంది. మన విశాఖలో పెట్రోలియం చదువు కోసం కేంద్రం పెట్టిన ఇన్‌స్టిట్యూట్ మొదలైంది కూడా ఆ 2016లోనే. 2020 ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్‌లో ధర సున్నా కంటే కిందికి పోయింది. ఇంత ఊగే పేషాలో ఒకే చిన్న గదిలో కూర్చుని జిందగీ అంతా గడిపేయొచ్చు అనుకోవడమే గల్తీ.

తలుపు ఎవరు తెరిచారు

హిమ్మత్ ఉంటే చాలు, ఎవరైనా లైన్ మార్చుకోవచ్చు అని రాస్తే అది ఝూట్ అవుతుంది. నయీమీ చదువు వెనక కంపెనీ పైసా ఉంది. కంపెనీ ఆ పైసా ఉత్తినే తీయలేదు. అమెరికన్లకు ఏసీ ఇళ్ళు, సౌదీ కార్మికులకు పాకలు ఉన్న రోజులవి. 1953లో వేల మంది సౌదీ కార్మికులు హర్తాళ్ చేశారు. 1956లో మళ్ళీ చేశారు. జీతం, ఇల్లు, తాలీమ్, తరక్కీ అడిగారు. కొందరు జైలుకు వెళ్ళారు. ఆ కొట్లాట తర్వాత సౌదీ కుర్రాళ్ళకు తలుపులు కొంచెం వెడల్పుగా తెరుచుకున్నాయి. నయీమీ మెహనత్ నిజమే. ఆ తలుపును నెట్టిన వేల చేతులు కూడా నిజమే.

మన పిల్లలకు ఉన్న తలుపు వేరే రకం. ఇఖామా మీద మిహ్నా అని ఒక గడి ఉంటుంది. అందులో రాసిన పేషాయే మనిషి. ఇంజనీరింగ్ డిగ్రీ చేతిలో పెట్టుకుని తొందరలో ఫిట్టర్ వీసా మీదో, టెక్నీషియన్ వీసా మీదో వెళ్ళిన పిల్లలు మన ఊళ్ళలో ఎంతమంది లేరు? ఏజెంట్ మాట విని వెళ్ళిన ఆ ఒక్క గడి ఏళ్ళ తరబడి కాళ్ళకు అడ్డం పడుతుంది. సౌదీలో ఇంజనీర్ అని రాయించుకోవాలంటే అక్కడి ఇంజనీర్ల కౌన్సిల్‌లో నమోదు కావాలి, డిగ్రీ తస్దీఖ్ కావాలి. 2021 మార్చి నుంచి వచ్చిన కొత్త నియమాల వల్ల ఒక కఫీల్ దగ్గర నుంచి ఇంకో చోటికి మారడం కొంత సులువైంది. కానీ కాగితాలు సరిగ్గా లేకపోతే ఏ నియమమూ ఆదుకోదు. లైన్ మార్చాలనుకునేవాడు ముందు చూసుకోవలసింది మిహ్నా గడిలో ఏముందో.

భాంజా చేతిలో ఏముంది

ఇవన్నీ చదువుకుని మళ్ళీ ఆపా ఇంటికి వెళ్ళాను. ఈసారి భాంజానే అడిగాను. బేటా, ఈ తొమ్మిదేళ్ళలో నేర్చిందాంట్లో అక్కడికి వెంట వచ్చేదేంటి, రానిదేంటి చెప్పు అన్నాను. వాడు అప్పటికే ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఉన్నాడు.

"సముద్రపు నీళ్ళను పొరలోంచి నెట్టాలంటే 60 బార్ దాకా దబావ్ కావాలి మామూ. అంటే హై ప్రెషర్ పంపులు, హై ప్రెషర్ పైపులు. వెల్డింగ్ తనిఖీ అదే. గోడ మందం కొలిచే పరికరం అదే. తేల్‌లో పైపును తినేది గంధకపు గ్యాస్, ఇక్కడ తినేది ఉప్పు. ఉప్పు చిన్న చిన్న గుంటలు పెడుతూ తింటుంది. స్టీల్ రకాలు వేరే ఉంటాయి, అవి కొంత తెలుసు. నాకు అస్సలు తెలియనిది ఆ పొరల కెమిస్ట్రీ. నీళ్ళను ముందుగా శుభ్రం చేసే పద్ధతి, పొర మీద పాచి, సున్నం పట్టకుండా చూడటం. అదే ఆ రెండేళ్ళలో నేర్చుకోవాల్సింది."

తొమ్మిదేళ్ళ తజుర్బా సముందర్‌లో కలిసిపోవడం ఇది కాదని నాలాంటి వాడికే అర్థమైంది. దుల్హే భాయ్ మాత్రం ఒక మంచి సవాల్ వేశారు.

"మీరు చెప్పిన నయీమీ సాబ్ వజీర్ అయ్యాడు మియా. ఆయనతో పాటు ఎంతమంది ఆఫీస్ బాయ్‌లు ఉండి ఉంటారు? అందరూ వజీర్‌లు అయ్యారా?"

కాలేదు. అందుకే నేను వాడికి వజీర్ సంగతి చెప్పలేదు, అబ్కైక్ సంగతి చెప్పాను. 34 ఏళ్ళ వయసులో కొత్తగా నేర్చుకోవడానికి నిలబడిన ఆ సంవత్సరం గురించి చెప్పాను. వజీరీ తక్దీర్. నేర్చుకోవడం మన చేతిలోది.

ఇజ్జత్ సంగతి కూడా మాట్లాడాను. నీళ్ళ ప్లాంట్ అని చెప్పడానికి సిగ్గెందుకు ఆపా అన్నాను. మన హైదరాబాద్‌లో 1908 మూసీ తుగ్యానీ తర్వాత షహర్‌ను కాపాడింది ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మంజీరా మీద నిజాం సాగర్ కట్టిన అలీ నవాజ్ జంగ్‌ను ఈ రోజుకీ ఇంజనీర్లు తలుచుకుంటారు. జిద్దాలో ఉస్మానియా తుర్కుల కాలంలోనే సముద్రపు నీళ్ళను కాచి మంచినీళ్ళు చేసే యంత్రం ఉండేది. కండెన్సర్ అనే మాటను అక్కడివాళ్ళు కిందాసా అని పిలుచుకున్నారు. ఈ రోజు రియాద్‌లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో చాలా భాగం జుబైల్ తీరం నుంచి వందల కిలోమీటర్లు పైపుల్లో వెళ్ళేవే. మన ఊరి నుంచి వెళ్ళిన వాళ్ళు అక్కడ వుజూ చేసుకునేది ఆ నీళ్ళతోనే. తేల్ లేకపోతే కారు ఆగుతుంది. ఆ నీళ్ళు ఆగితే షహరే ఆగిపోతుంది.

చివరికి దుల్హే భాయ్ ఇరకాటంలో పడింది నా తారీఖ్ వల్ల కాదు, ఆపా మాట వల్ల. వాళ్ళ దుకాణం బస్టాండ్ దగ్గర ఉంది. మొదట రేడియో రిపేర్. తర్వాత టీవీ. ఇప్పుడు మొబైల్. "మీరు ఎన్నిసార్లు బోర్డు మార్చారు జీ? పాత సామాన్లు ఏమైనా పారేశారా?" అని అడిగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ సోల్డరింగ్ ఐరన్ మా ఉస్తాద్ ఇచ్చింది" అన్నారు, ఎవరికీ కాకుండా.

ఫైస్లా ఇంకా పూర్తిగా కాలేదు. రెండేళ్ళు తక్కువ జీతంతో ఇల్లు ఎలా నడుస్తుందో లెక్క వేస్తున్నారు. మేడ మీద గది కట్టడం వాయిదా పడేలా ఉంది. కౌన్సిల్ కాగితాల కోసం వాడు తిరుగుతున్నాడు. లడ్కీవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు తానే చెబుతానన్నారు దుల్హే భాయ్. అది విన్నాక ఆ రాత్రి భాంజా మొహంలో కొంచెం కళ వచ్చింది.

ఇది చదువుతున్న అబ్బాలకు, అమ్మీలకు ఒక్క మాట. మీ ఇంట్లో ఇలా తల వంచుకుని అన్నం కలుపుతున్న కొడుకో, కూతురో ఉంటే, లైన్ ఎందుకు మారుస్తున్నావు అని ముందు అడగకండి. ఇప్పటిదాకా నేర్చిందాంట్లో నీ వెంట వచ్చేది ఏంటి, ఇంకా నేర్చుకోవాల్సింది ఏంటి అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగమనండి. చెప్పగలిగితే వాళ్ళ పక్కన నిలబడండి. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. ఆ రిజ్ఖ్ తేల్‌లోనే ఉండాలని రూల్ ఏమీ లేదు. మా భాంజా కోసం కూడా దువా చేయండి.